గుర్రాన్నిచ్చి తెచ్చుకున్న వోల్గా

మా ఆవిడ అసిల్‌కాన్ సెప్టెంబరులో ఒక బుధవారం పొద్దున గుర్రం మీద వెళ్ళి, సాయంత్రం ట్రాక్టరు మీద తిరిగొచ్చింది. ట్రాక్టరు వెనక ట్రాలీలో ఒక వోల్గా కారు ఉంది. గాలి లేని నాలుగు టైర్లు, సగం ఊడిన బంపరు, ఒక కన్ను మిగిలిన ముఖం. వెనక సీటు మీద ఒక కోడి పొదుగుతూ కూర్చుంది.

నేను గేటు తీసి పట్టుకుని, గుర్రమేదని అడిగాను.

"ఇచ్చేశాను," అంది, ట్రాక్టరు దిగుతూ.

ఆ గుర్రం పుట్టింటివాళ్ళు తనకిచ్చింది. దాని మీద నాకు మాట్లాడే హక్కు లేదు. అయినా ఎర్రటి ఒళ్ళు, నిదానమైన నడక, పిలిస్తే వచ్చే గుర్రం అది. దాన్నిచ్చి తుప్పు తెచ్చుకున్న మనిషిని ఆ రోజు దాకా నేను చూడలేదు. వీధిలో వాళ్ళంతా గేటు దగ్గర చేరారు. నేను ముప్ఫై ఏళ్ళుగా కరాకోల్ నుంచి బాలిక్చికి మినీబస్సు నడుపుతున్నాను. బండ్ల సంగతి జెక్షెన్‌ని అడగమని చుట్టుపక్కల నాలుగు వీధుల్లో చెప్పుకుంటారు. అలాంటివాడి పెళ్ళాం వాడికి మాట మాత్రం చెప్పకుండా బండి కొంది. ఎదురింటి ముసలాయన నా భుజం తట్టి, కోడి మాత్రం మంచి జాతిదని ఓదార్చాడు.

జరిగింది తర్వాత చెప్పింది. అసిల్‌కాన్ దర్జీ పని చేస్తుంది. కొండవార ఊళ్ళో సాటిబాల్డి అని ఎనభై ఏళ్ళ పశువుల డాక్టరు ఉన్నాడు. చలికోటుకి కొలతలు తీసుకోవడానికి ఆ ముందు వారం ఆయనింటికి వెళ్ళింది. పెరట్లో ఆప్రికాట్ చెట్ల కింద ఈ కారు కనిపించింది. ఒకప్పుడు దాని మీదే ఆయన కొండ మీది మందలకు సూదులు వెయ్యడానికి తిరిగేవాడట. పదకొండేళ్ళుగా అది కోళ్ళగూడు. కొనడానికి పట్నం నుంచి చాలామంది వచ్చారు, బానెట్ ఎత్తి చూశారు, బేరమాడారు. ఆయన ఎవరికీ ఇవ్వలేదు. అసిల్‌కాన్ బానెట్ జోలికే పోలేదు. తలుపు తీసి, సీటు మీది కోడిని కొంచెం పక్కకు జరిపి, కింద గుడ్డ చూసి పెద్దాయన్ని అడిగింది: "ఆతా, ఈ కుట్టు ఎవరిది?"

చనిపోయిన తన భార్యదని చెప్పాడాయన. ఆమె సీట్ల తొడుగుల అంచున గొర్రెకొమ్ము చుట్టలు కుట్టిందట, అదీ రెండు వైపులా కనబడేట్టు. అలాంటి కుట్టు ఇప్పుడు ఎవరూ వెయ్యరని అసిల్‌కాన్ అంటే, ఆయన వంగి ఆ అంచును వేలితో తడిమాడట. తర్వాత ఏమిస్తావన్నాడు. నా దగ్గర గుర్రముందంది మా ఆవిడ. ఆయనకు గుర్రమే కావాలి. చూపు మందగించిందని బండి నడపొద్దన్నారట.

"గుర్రానికైతే దాని కళ్ళు దానికున్నాయి కదమ్మా," అన్నాడట.

నేను ఇదంతా విని, సరే, నీ గుర్రం నీ ఇష్టం, కానీ ఆ డబ్బాను నేను ముట్టుకోనని తేల్చి చెప్పాను. నిన్నెవరు ముట్టుకోమన్నారు అని టీ పోసింది. మర్నాడు నేను బాలిక్చి నుంచి తిరిగొచ్చేసరికి మా పెరట్లో ఇస్మార్ ఉన్నాడు.

ఇస్మార్ మెకానిక్, ఎప్పుడో చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ దుంగాన్ ముస్లిముల వాడు. ఒకప్పుడు నా బండికి వాడు తప్ప వేరే చెయ్యి తగలనిచ్చేవాణ్ణి కాదు. ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు. తప్పు నాదే, ఆ సంగతి అప్పుడూ తెలుసు. వాడి భార్య జుహ్రా బజారులో అష్‌లాన్‌ఫూ అమ్ముతుంది. చల్లటి పుల్లటి పులుసులో నూడుల్సు, పైన ఎర్రకారం. ఊరంతా ఆమె దుకాణం దగ్గరే వరుస కడుతుంది. ఒకరోజు వాడి షెడ్డులో పదిమంది డ్రైవర్లు ఉండగా, నా సైలెన్సర్ తుప్పు చూపించి, జుహ్రా పులుసులో ముంచితే శుభ్రంగా వదిలిపోతుంది, ఆ వెనిగర్‌కి ఇనుమే ఆగదు, మన కడుపులెంత అన్నాను. అందరూ నవ్వారు. ఇస్మార్ చేతులు తుడుచుకుని నా తాళం నాకిచ్చి, ఇక నీ బండి వేరేచోట చూపించుకోమన్నాడు. ఆ తర్వాత శుక్రవారం మసీదు మెట్ల దగ్గర ఎదురైనా ఇద్దరం చెరో పక్కకి చూసేవాళ్ళం.

అలాంటి ఇస్మార్ నా పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని వోల్గా అడుగు సుత్తితో తడుతున్నాడు. నేను పలకరించలేదు. వాడూ తలెత్తలేదు. అసిల్‌కాన్ ఇద్దరికీ చెరొక కప్పు టీ ఇచ్చింది, నాకు కిటికీ లోపల, వాడికి బయట.

వాడు చూసి చెప్పింది మూడు ముక్కల్లో ఉంది. పైకప్పు, తలుపులు బాగున్నాయి. అడుగురేకు, తలుపుల కింది గడపలు పూర్తిగా పోయాయి. ఇంజను బిగుసుకుపోయింది. దీన్ని తీసేసి కొత్త రకం ఇంజను పెట్టుకుంటే హాయి, అందరూ అదే చేస్తున్నారన్నాడు. ఒద్దంది మా ఆవిడ.

"కోటు బాగుచెయ్యమని ఇస్తే పై గుడ్డ ఉంచి, లోపల ఇంకో కోటుది పెట్టి ఇస్తానా, ఇస్మార్ బైకె? దీనిదే దీనికి ఉండాలి."

కిటికీలోంచి వింటున్న నాకు ఇద్దరి మీదా కోపమొచ్చింది. బిగుసుకున్న ఇంజనుకు మందు తెలుసు నాకు. ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండరు గొట్టాల్లోనూ డీజిలూ నూనే కలిపి పోసి, ఓపికపట్టాలి. కొట్టకూడదు, బలవంతం చెయ్యకూడదు. రోజూ కాస్త పోస్తూ, ముందు నుంచి ఇంజను తిప్పే చేతికర్ర రవ్వంత ఊపి చూస్తుండాలి. వారమో, మూడు నెలలో. ఇస్మార్ మంచి పనివాడే గానీ వాడికి తొందర.

నేను ఆ డబ్బాను ముట్టుకోనన్నాను. అందుకని తెల్లవారుజామున, మినీబస్సు తీసే ముందు, మా ఆవిడ పాలు కాస్తున్న సమయంలో వెళ్ళి పోసేవాణ్ణి. మరుసటి రోజు చూస్తే కాస్త దిగి ఉండేది. మళ్ళీ పోసేవాణ్ణి. అక్టోబరు గడిచింది. ఆ నెలంతా ఇస్మార్ వారానికి రెండుసార్లు వచ్చి అడుగురేకు కోసి తీసి, కొత్త రేకు అతికించాడు. ఇంజను దగ్గర పనిచేసినప్పుడు గొట్టాల్లోకి చూసేవాడు, ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. ఒకరోజు మాత్రం నేను వాడే వంకర గరాటు స్థానంలో కొత్త గరాటు ఉంది, దాని పక్కన తుడుచుకోవడానికి మడతపెట్టిన గుడ్డ.

నవంబరు చివర, మంచు కురిసిన ఒక తెల్లవారుజామున చేతికర్ర కదిలింది. అర అంగుళం. మళ్ళీ వెనక్కి, మళ్ళీ అర అంగుళం. నేను అక్కడే మంచులో కూర్చుండిపోయాను. ఎవరికి చెప్పాలి? ముట్టుకోనన్నవాణ్ణి నేనే. మినీబస్సు స్టాండుకెళ్ళాక ముందు సీట్లో కూర్చున్న తమ్గా ఊరి ముసలమ్మతో, ఆపుకోలేక, కదిలిందమ్మా అన్నాను. ఆమె రెండు చేతులూ ముఖానికి తాకించుకుని, దేవుడు గొప్పవాడు, ఏ కాలు అని అడిగింది. నేను కుడికాలన్నాను. దారి పొడవునా పక్షవాతానికి ఏ ఎలుగుబంటి కొవ్వు మంచిదో చెప్పుకుంటూ వచ్చింది.

పదిరోజుల తర్వాత మా గేటు ముందే మంచు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టి, రెండు నెలలు స్టీరింగ్ పట్టొద్దన్నారు. నా మినీబస్సును వేరే డ్రైవరు తీసుకెళ్ళాడు. గేటు దాటుతున్న నా బండిని బయట నిలబడి చూడ్డం అదే మొదటిసారి. ఇంట్లోకొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను. రెండో రోజుకి గోడలు లెక్కపెట్టడం అయిపోయింది. మూడో రోజు కుర్చీ తీసుకుని పెరట్లో షెడ్డుకెళ్ళాను. అప్పటికి వోల్గాను అందులోకి తోశారు. ఇస్మార్ దాని కింద ఉన్నాడు, బూట్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి. కుర్చీ చప్పుడు విని కదలకుండా ఉండిపోయాడు.

కాసేపటికి బయటికొచ్చాడు. నా కట్టు చూశాడు. తన సంచీలోంచి మూడు లీటర్ల గాజు జాడీ తీసి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"మా ఆవిడ పంపింది. బోల్టులు, నట్లు ఇందులో వేసి నానబెట్టమంది. ఇనుమే ఆగదంట కదా దీని ముందు."

ముఖంలో నవ్వు లేదు. ఆరేళ్ళుగా లోపల పెట్టుకున్న మాట ఒకటుంది, అది అప్పుడు పైకి వచ్చింది.

"తప్పయిపోయింది, ఇస్మార్. నేను నోరు పారేసుకున్నాను."

"నాకు కాదు చెప్పాల్సింది."

"జుహ్రాకి చెప్తాను. రేపే వెళ్తాను."

"రేపు వెళ్ళకు, ఆదివారం వెళ్ళు. ఆదివారం రద్దీ, గరిటెత్తి కొట్టడానికి ఆమెకు తీరికుండదు," అన్నాడు. అప్పుడు నవ్వాడు.

ఆదివారమే వెళ్ళాను. ఆమె నన్ను వరుసలో చివర నిలబెట్టి, నా వంతు వచ్చాక మామూలుకన్నా రెండింతలు కారం వేసి గిన్నె చేతిలో పెట్టింది. తిని, కళ్ళు తుడుచుకుని, ఖాళీ గిన్నె తిరిగిచ్చాను. ఎలా ఉందంది. గొప్పగా ఉందన్నాను. అంతటితో అయిపోయింది. అన్నట్టు ఆ వెనిగర్‌లో రెండు రోజులు నానిన బోల్టులు కొత్తవాటిలా మెరిశాయి. ఈసారి నేనేమీ అనలేదు.

ఆ శీతాకాలం నా నోరూ వాళ్ళ చేతులూ పనిచేశాయి. నేను కుర్చీలో కూర్చుని, ఆ పైపు అలా కాదు, ముందు కిందిది బిగించు అనేవాణ్ణి. ఇస్మార్ నా వైపు రెంచి చూపించి, కట్టు రెండో చేతికి కూడా కావాలా అనేవాడు. బ్రేకులు విప్పాం. వాటిలో బిగుసుకున్న పిస్టన్లు ఒక్కొక్కటి బయటికి తీశాం. కార్బురేటర్ నిండా మట్టి, అందులో ఒక కందిరీగ గూడు. అసిల్‌కాన్ పగలు కోట్లు కుట్టి, సాయంత్రం మా దగ్గరికొచ్చి ఏ పని చెబితే అది చేసేది. దర్జీ వేళ్ళు కదా, కార్బురేటర్‌లోని సన్నటి గొట్టాలను మాకన్నా శుభ్రంగా ఆమే తీర్చింది. బానెట్ ముందు ఒకప్పుడు దూకే జింక బొమ్మ ఉండేది, ఎవరో ఎత్తుకుపోయారు. దాని రెండు కన్నాలకు ఓవర్‌కోటు గుండీలు రెండు బిగించింది. బాగానే ఉన్నాయి.

రంగు విషయంలో ఇస్మార్‌తో గొడవపడింది. పైన ఉన్నది ట్రాక్టరుకు వేసే నీలం, డాక్టరు వేయించింది. తలుపు రబ్బరు కింద ఫ్యాక్టరీ నాటి రంగు బయటపడింది, పాలు ఎక్కువైన పిస్తా రంగు. ఇప్పుడు అది దొరకదు, తెలుపు వేద్దామన్నాడు ఇస్మార్. అసిల్‌కాన్ తన దారపు ఉండలన్నీ తెచ్చి రబ్బరు కింద ఒక్కొక్కటి ఆనించి చూసి, సరిపోయిన ఉండను రంగుల దుకాణానికి పట్టుకుపోయింది. రంగు కలిపే మనిషి నాలుగుసార్లు కలిపాడు. నాలుగోసారి ఆమె దారం ముక్కను తడి రంగు పక్కన పెట్టి, ఇంక చాలంది.

సీట్ల తొడుగులు మాత్రం చెయ్యి వేస్తే ఊడిపోయేట్టున్నాయి. వాటిని పోగు పోగు విప్పి, చుట్టలెలా తిరిగాయో కాగితం మీద గీసుకుని, అదే కుట్టుతో కొత్తవి కుట్టింది. నెలన్నర పట్టింది. వెనక సీటు మధ్యలో చారెడంత పాత ముక్క ఒక్కటి చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని అలాగే ఉంచి చుట్టూ కొత్త గుడ్డ అతికించింది.

మార్చి నెలలో, వసంతపు పండగ నౌరూజ్‌కి వారం ముందు, ఇంజను మొదటిసారి పలికింది. మొదట దగ్గు, తర్వాత షెడ్డు నిండా నీలి పొగ, ఆ పొగలో ఇస్మార్ దగ్గు, ఆ తర్వాత ఒక నిదానమైన చప్పుడు. వాడు నా వైపు చూసి, డీజిల్ పోసిన చేతికి సలాం అన్నాడు. అసిల్‌కాన్ తిరిగి నన్ను చూసింది.

"నాకు అక్టోబరులోనే తెలుసు. పొద్దున్నే నీ చొక్కా చేతులు డీజిల్ వాసన వేసేవి, ఏమయ్యా. నీ బస్సేమో పెట్రోలుది."

ఎందుకు అడగలేదని అడిగాను. అడిగితే మానేసేవాడివి అంది.

కబురు కొండవారకు ఎలా చేరిందో గానీ, పండగ రోజు సాటిబాల్డి డాక్టరు మా ఎర్రగుర్రమెక్కి వచ్చాడు. గుర్రం నన్ను గుర్తుపట్టి భుజానికి ముక్కు రాసింది. ఆయన దిగి, కర్ర ఆనించుకుంటూ కారు చుట్టూ ఒకసారి నడిచాడు. రంగు సరిగ్గా కనబడుతోందో లేదో తెలీదు, అరచేత్తో రేకు తడుముకుంటూ వెళ్ళాడు. ముందు సీట్లో కూర్చోమన్నాం. ఒద్దని, వెనక తలుపు తీయించుకుని కూర్చున్నాడు. ఆయన వేళ్ళు సీటు మీద అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగాయి.

"ఇది ఆమెదే," అన్నాడు.

"ఆ ముక్క ఒక్కటే ఆమెది, ఆతా. మిగతాది నాది," అంది అసిల్‌కాన్.

"మిగతా చోట్ల కుట్టు ఇంకా గట్టిగా ఉంది. ఆమెకు తొందరెక్కువ, నేను బయల్దేరతానంటే సూది దారం సీట్లోనే వదిలేసేది." కాసేపు కూర్చుని, చెయ్యి తియ్యకుండానే, కోడి ఏమైందని అడిగాడు. ఏడు పిల్లలు చేసిందని చెప్పాం. టీ తాగి, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు, వేడి మాంసం తిని, సాయంత్రం కాకముందే గుర్రమెక్కాడు. కారులో దింపుతామంటే ఒప్పుకోలేదు. గుర్రం ఇంటికెళ్ళి మేత తినాలన్నాడు.

అప్పటికి నా చెయ్యి బాగై, మినీబస్సు మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. వోల్గాను నడిపేది నేనేనని నాలో నేను అనుకుని కూర్చున్నాను. ఇల్లూ వాకిలీ, పిల్లల పెళ్ళిళ్ళూ అయ్యాయి గానీ, అసిల్‌కాన్‌కి డ్రైవింగ్ రాదు. పెళ్ళయిన కొత్తలో నేర్పమని అడిగింది, నీకెందుకే, నేనున్నానుగా అన్నాను. మళ్ళీ అడగలేదు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం తాళాలు పట్టుకుని నా ముందు నిలబడి, నేర్పిస్తావా, ఇస్మార్‌ని పిలవమంటావా అంది.

ఊరి బయట గుర్రప్పందేల మైదానానికి తీసుకెళ్ళాను. గేరు స్టీరింగ్ పక్కన ఉండే బండి అది, మొదటిసారి ఎవరికైనా కష్టమే. ఆ సంగతి తెలిసీ అరిచాను. క్లచ్ అంటే అరిచాను, బ్రేకంటే అరిచాను. మూడో చుట్టులో ఆమె బండి ఆపి, తాళం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ముప్ఫై ఏళ్ళ నుంచి నీ పక్కన కూర్చుంటున్నాను. మంచులో వెళ్ళావు, కొండచరియ పడితే వెళ్ళావు, ఒకసారి నిద్రమత్తులో గొర్రెల మధ్యకు తోలావు. నేనెప్పుడైనా అరిచానా?"

లేదన్నాను.

"మరి నువ్వూ అరవకు. చెప్పు. వింటాను."

చెప్పడం మొదలుపెట్టాను. ఇంజను చప్పుడు మారినప్పుడు గేరు మార్చు, కుట్టుమిషన్ మందం గుడ్డ ఎక్కినప్పుడు ఎలా మూలుగుతుందో అలా వినిపిస్తుంది అన్నాను. అది అర్థమైంది. ఆ రోజు పదిహేను చుట్లు తిరిగాం. లైసెన్సు పరీక్ష మొదటిసారి పోయింది, కారు చూడ్డానికి జనం చేరి దారి మూసేశారని ఆమె వాదన, అద్దంలో చూడలేదని పరీక్షాధికారి వాదన. రెండోసారి అదే అధికారి పక్కన కూర్చుని, పరీక్ష పూర్తయ్యాక ఇంకో రెండు వీధులు తిప్పమని అడిగాడట, మా నాన్నకి ఇలాంటిదే ఉండేదమ్మా అని.

జూన్‌లో నేను మూడు రోజులు సెలవు పెట్టాను. బోకోన్‌బాయెవ్‌లో ఆమె అక్క ఉంటుంది, సరస్సు దక్షిణపు ఒడ్డు వెంట సగం రోజు దారి. ఇస్మార్ ముందురోజు వచ్చి చక్రాలు, నూనె చూసి, డిక్కీలో ఒక సంచెడు విడిభాగాలు పడేశాడు. జుహ్రా ఒక జాడీ అష్‌లాన్‌ఫూ పులుసు, వేరుగా నూడుల్సు కట్టి పంపింది.

పొద్దున్నే బయల్దేరాం. అసిల్‌కాన్ నడుపుతోంది. నా కుడికాలు ఊరికే బ్రేకు తొక్కుతోంది, అక్కడ బ్రేకు లేకపోయినా. రోజూ నేను తిరిగే దారే అది. ఏ మలుపు దగ్గర రోడ్డు కుంగిందో, ఏ పోలీసు ఎక్కడ నిలబడతాడో నాకు తెలుసు. ఒక్కొక్కటీ ముందే చెబుదామని నోరు తెరిచి మూసుకున్నాను. ఆమె కుంగిన చోట తానే నెమ్మదించింది. బర్స్‌కోన్ దగ్గర రోడ్డుకడ్డంగా వేసవి మేతకు ఎక్కుతున్న గొర్రెలమంద. ఇంజను ఆపేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని, అవి పోయేదాకా హారన్ కొట్టకుండా కూర్చుంది. గుర్రం మీదున్న కాపరి వంగి లోపలికి చూసి, ముందు ఆమెకూ తర్వాత నాకూ సలాం చేసి పోయాడు.

కిటికీలోంచి సరస్సు గాలి వస్తోంది. ఇంజను ఒకే తీరున మోగుతోంది. ఎండ నా మోకాళ్ళ మీద పడింది. కాసేపు దూరంగా ఉన్న మంచుకొండల్ని చూశాను. నా పక్క కిటికీలోంచి సరస్సు ఇంత వెడల్పుగా ఉంటుందని నాకు తెలియదు, ఎప్పుడూ రోడ్డే చూశాను.

నాకు మెలకువ వచ్చేసరికి బండి ఆగి ఉంది. తల కిటికీకి ఆని ఉంది, నా భుజం మీద ఆమె శాలువా. మా వదిన తలుపు తీసి పట్టుకుని నవ్వుతోంది. నడుస్తున్న బండిలో నిద్రపోయానని అర్థమవడానికి నాకు కొంత సేపు పట్టింది. ముప్ఫై ఏళ్ళలో ఎవరు నడిపినా నేను కళ్ళు మూసింది లేదు.

"ఎంతసేపు పడుకున్నాను?" అన్నాను.

"తోసోర్ దాటాక గురక మొదలైంది," అంది అసిల్‌కాన్, తాళం తీసి సంచీలో వేసుకుంటూ. "లే, పులుసు వేడెక్కకముందే తినాలి."